హైదరాబాదు కథలో మనము చెప్పని సగము

ప్రతి సంవత్సరము సెప్టెంబరు మాసమున మన సంఘమువారు జరుపు సభలో హైదరాబాదు సంస్థానపు విలీనమును గురించి ఎవరో ఒకరు ప్రసంగించుట వాడుకగా వచ్చుచున్నది. మండికల్లు, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని తెలుగు కుటుంబములలో పెక్కింటికి హైదరాబాదుతో చుట్టరికము లేదు. మన పెద్దలు నైజాము ఏలుబడిలో ఒక్క దినమైనను ఉన్నవారు కారు. మైసూరు మహారాజుగారి ప్రజలు. అయినను తెలుగువారి కథ గనుక మన కథయే అనుకొని వినుచున్నాము. వినవలసినదే. వినునది సగమే యగుచున్నదని నా ఫిర్యాదు.

క్రిందటి సభలో మాటలాడిన పెద్దలు విద్వాంసులు. వారియందు నాకు గౌరవము కలదు. గంటసేపు రజాకారుల దుండగములను వర్ణించిరి. బైరాన్‌పల్లి బురుజు సంగతి చెప్పునపుడు వారి కంఠము గద్గదమైనది. వినువారిలో పలువురు కన్నులు తుడుచుకొనిరి. ఆ మీదట సైన్యము వచ్చినది, నిజాము లొంగెను, ప్రజలకు స్వేచ్ఛ లభించెను అని ముగించిరి. అప్పుడు వెనుక బల్లమీద కూర్చున్న హైస్కూలు పిల్లవాడొకడు లేచి, “ఆ తర్వాత ఏమైంది తాతా?” అని అడిగెను. “ఇంకేముంది నాయనా, అంతా సద్దుమణిగింది” అని వారు సెలవిచ్చిరి.

వేదికమీద వారి ప్రక్కనే నేను కూర్చుండియుంటిని. సద్దుమణగలేదని నాకు తెలియును. నోరు విప్పలేదు. వందన సమర్పణ నా వంతు; నాలుగు మాటలు చెప్పి, పూలదండ వేయించి, దిగితిని.

మూడవ వరుసలో శిడ్లఘట్ట నుండి వచ్చిన పట్టునూలు వ్యాపారి యొకరు కూర్చుండిరి. మన ఊళ్ల గూళ్లు కొని నూలు తీయించు ముసల్మాను గృహస్థు. ఇంటిలో ఉర్దూ, సంతలో తెలుగు, కచేరిలో కన్నడము మాటలాడుదురు. మన సంఘపు చందాపట్టీలో వారి పేరు ఏటేట ఉండును. ఆనాటి ప్రసంగములో “తురకలు” అను మాట ఎన్నిమారులు వచ్చినదో నేను లెక్కింపలేదు, ఆయన లెక్కించియుండును. కాఫీకి ఆగక వెడలిపోయిరి. మరునాడు గూళ్ల మార్కెట్టులో ఎదురుపడినపుడు సభ ఊసెత్తలేదు. ధర మాటలాడి పోయిరి.

ఈ వ్యాసము ఆ పిల్లవాని ప్రశ్నకు నేను ఆనాడే ఇచ్చియుండవలసిన సమాధానము.

మొదటి సగమును తగ్గించి చెప్పవలెనని నా ఉద్దేశము కాదు. అసఫ్‌జాహీ ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 నుండి 1948 వరకు ఏలిన ఆ సంస్థానములో ప్రజలలో పెక్కుమంది తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారు. రాజభాష మాత్రము ఉర్దూ. ముసల్మానులు నూటికి పండ్రెండు పదుమూడుగురు. పైయుద్యోగములలోను, పోలీసులోను, సైన్యములోను పెద్దపాలు వారిదే. తెలుగువారు తమ భాషలో పాఠశాల పెట్టుకొనుటకే అనుమతికై తిరుగవలసివచ్చెడిది. తెలంగాణములో తెలుగు కవులే లేరని యొకరు ఆక్షేపింపగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి నోరు మూయించిన సంగతి మన చదువరులు ఎరుగనిది కాదు. అంకెలలో అధికులై యుండియు అల్పసంఖ్యాకులవలె బ్రదుకుట యెట్టిదో అక్కడి తెలుగువారు చూచిరి.

1946లో లాతూరు వకీలు కాశిం రజ్వీ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పగ్గములు పట్టిన తరువాత రజాకారు దళములు పెరిగినవి. 1947 నవంబరు 29వ తేదిని యథాతథపు ఒడంబడిక కుదిరినను గ్రామములకు ఊపిరి చిక్కలేదు. ఊళ్లు కాల్చుట, ధాన్యము దోచుట, స్త్రీలను చెరచుట నిత్యకృత్యములైనవి. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27వ తేదిని, బురుజుమీద కాపు నిలిచి ఊరిని రక్షించుకొనుచున్న పల్లెవారిపై సర్కారు బలగముతో కలిసి వచ్చిన రజాకారులు ఫిరంగులు ప్రయోగించి, పట్టుబడినవారిని వరుసగా నిలిపి కాల్చిరి. ఆ దినమున 80 మందికి పైగా మడిసిరి. దీనిని మరువరాదు. ఆ పెద్దలు కంటతడి పెట్టుట న్యాయము.

అయితే ఆ దుండగమునకు ఒక మతపు పేరు పెట్టి విడుచుటలోనే చిక్కు వచ్చుచున్నది. తెలంగాణపు రైతు ఎదిరించినది మొట్టమొదట ఎవరిని? వెట్టి చేయించిన దేశముఖులను. వారిలో అత్యధికులు హిందువులు. 40 వేల యెకరములు గలవాడని జనులు చెప్పుకొను విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి యెవరు? 1946 జూలై 4వ తేదిని కడవెండిలో ఆయన మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైన నాడు అక్కడ మతమను మాట ఎక్కడిది? అంతకు కొన్ని యేండ్ల ముందే, అదే విసునూరు దొరతో పొలము వ్యాజ్యమాడి, కోర్టులో నెగ్గి, ఆ నెగ్గినందులకే ప్రాణము పోగొట్టుకొన్న కామారెడ్డిగూడెపు సన్నకారు రైతు పేరు షేక్ బందగీ. ఆయన సమాధికి రెండు మతములవారును మ్రొక్కిరి. సుంకర, వాసిరెడ్డిగారలు వ్రాసిన “మా భూమి” నాటకమునకు మూలము ఆ బందగీ కథయే. ఆ నాటకము ఆంధ్రదేశమంతట ఊరూర ఆడబడినది. చూచినవారిలో ఆ పాత్ర ముసల్మానని వెనుదీసినవారు లేరు.

మరియొక వైపు చూడుడు. రజాకారులు విజృంభించిన కాలమున మీర్ లాయఖ్ అలీ మంత్రివర్గములో ఉపప్రధానిగా కూర్చున్నవారు పింగళి వెంకటరామారెడ్డి. పోరాటమునకు జడిసి ఊళ్లు విడిచిన దొరలు రజాకారులను, పోలీసులను వెంటబెట్టుకొని తమ గడులకు తిరిగివచ్చిన ఉదాహరణములు నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో కొల్లలు. 1947 సెప్టెంబరు 11వ తేదిని సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిన ప్రకటనపై ముగ్గురి పేర్లు కలవు: రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. మూడవవాడు ఉర్దూ కవి, ఆందోలులో పుట్టినవాడు. ఇక ‘ఇమ్రోజ్’ పత్రికాధిపతి షోయబుల్లాఖాను మాట. సంస్థానము భారతదేశమున చేరవలెనని ఆయన ఉర్దూలో వ్రాసెను. రజాకారులను ఖండించుచు ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేసెను. 1948 ఆగస్టు 21వ తేది రాత్రి ఇంటికి పోవుచుండగా హైదరాబాదు వీథిలో ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. తెల్లవారకముందే మరణించెను. అది బైరాన్‌పల్లికి ఆరు దినముల ముందు. ఆ రెండు దారుణములను ఒకే ఉపన్యాసములో చెప్పినవారిని మన సభలో నేను ఇంతవరకు వినలేదు.

ఇక “ఆ తరువాత.”

1948 సెప్టెంబరు 13వ తేదిని భారత సైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17వ తేదిని నిజాము లొంగెను. మరునాడు సేనాధిపతి ఎల్ ఎద్రూసు మేజర్ జనరల్ చౌదరికి తన సైన్యమును అప్పగించెను. యుద్ధము అయిదు దినములలో తీరినది. గ్రామములలో ఆరంభమైనది అయిదు దినములలో తీరలేదు. రజాకారులలో నాయకులైనవారు పట్టుబడిరి, లేదా పారిపోయిరి. పారిపోవుటకు చోటు లేనివారు మిగిలిరి: నేతగాండ్రు, కసాయివారు, జట్కా తోలువారు, చప్రాసీలు, వారి యాలుబిడ్డలు. పగ వారిమీద పడెను.

ఆ వార్తలు ఢిల్లీకి చేరగా ప్రధాని నెహ్రూగారు పండిత సుందరలాలు అధ్యక్షతను ఒక బృందమును పంపిరి. కాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందు సభ్యులు. 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు వారు పర్యటించి, 16 జిల్లాలలో 9 జిల్లాలు చూచి, 109 గ్రామములకు చెందిన 500 మందికి పైగా సాక్షులను విచారించిరి. పోలీసు చర్య జరుగుచున్నపుడును, ఆ వెనుకను చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల వరకు ఉందురని వారి అంచనా. అన్నిటికంటె ఎక్కువగా నష్టపడినవి నాలుగు జిల్లాలు: ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఆ నాలుగింట మృతులు 18 వేలకు తక్కువ కారని వ్రాసిరి. ఔరంగాబాదు, బీడు, నల్లగొండ, మెదకు జిల్లాలలో 5 వేలకు తక్కువ కారనిరి. బావులు శవములతో నిండిన ఊళ్లను వారు పేర్కొనిరి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులే లూటీలో పాలుపంచుకొన్నట్లు తమకు నిశ్చయముగా తెలిసినదని వ్రాసిరి. సైన్యమంతయు అట్టిదని మాత్రము వ్రాయలేదు. రజాకారుల నేరములను గూడ ఆ నివేదిక దాచలేదు.

ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. సర్దారు పటేలు దానిని అంగీకరింపలేదు. దాని భాగములు కొన్ని తరువాతి గ్రంథములలో వెలుగు చూచినను, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయములో సామాన్యుడు చూచుటకు వీలైనది 2013లో. అనగా 65 సంవత్సరములకు. ఈ నడుమ పుట్టి పెరిగిన మనమందరము సగము కథతోనే పెరిగితిమి. ఉపన్యాసకులను మాత్రమే తప్పుపట్టి లాభము లేదు.

అంకెలు నమ్మదగినవేనా యని అడుగువారు కలరు. అడుగవలసినదే. మూడు వారములు తిరిగిన ముగ్గురు మనుష్యులు జనాభా లెక్క తీయలేరు; వారు చెప్పినది అంచనా. ఎక్కువ తక్కువలను పండితులు తేల్చుకొందురు గాక. అంచనాలో సగము తీసివేసినను మిగులునది బైరాన్‌పల్లి వంటి ఊళ్లు నూటికి పైబడును. దానిని “సద్దుమణిగింది” అను ఒక్క మాటలో ఇముడ్చుట నాకు సాధ్యము కాకున్నది.

పై నాలుగు జిల్లాలలో రెండు, గుల్బర్గా, బీదరు, 1956 నవంబరు 1వ తేది నుండి మనమున్న రాష్ట్రములోనివే. గుల్బర్గాను ఇప్పుడు కలబురగి యందుము. సెప్టెంబరు 17ను అక్కడ కల్యాణ కర్ణాటక ఉత్సవ దినమనుచున్నారు. సరిహద్దు దాటి తెలంగాణమునకు పోయిన, ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు, ఒకరు సమైక్యత యందురు, 2024లో ఇంకొక ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమనెను. పేరు కొరకు ఇంత పెనుగులాట జరుగుచుండగా ఆ దినమునకు మరునాటి నుండి జరిగినదానికి మాత్రము ఎవరును పేరు పెట్టుటకు తొందరపడుట లేదు.

ఇట్టి కథ మన దేశమునకే ప్రత్యేకము కాదు. రష్యాలో జారు ప్రభుత్వము కూలిన 1917వ సంవత్సరమున ఉక్రేనియనులు కీవు నగరములో తమ కేంద్ర రాడాను నెలకొల్పుకొనిరి. ఆ దేశమున యూదులు తరతరములుగా ఉన్నవారు. రాడాలో వారికి స్థానములిచ్చిరి; యూదు వ్యవహారములకు ప్రత్యేకముగా మంత్రిని నియమించిరి. 1917 చివర అచ్చువేసిన 100 కర్బోవనెట్సుల నోటుమీద ఉక్రేనియన్, రష్యన్, పోలిష్ భాషలతోపాటు యూదుల యిద్దిష్ భాషయు ఉండెను. 1918 జనవరిలో ఒక చట్టము చేసిరి: ఒక జాతివారు దేశములో ఎక్కడెక్కడ చెదరి యున్నను, తమ పేర్లు నమోదు చేసికొని, తమ సభ నెన్నుకొని, తమ పాఠశాలలను, సంస్కృతిని తామే నిర్వహించుకొనవచ్చును. ఒక తాలూకాలో అధికులై, జిల్లాలో సగమై, రాష్ట్రములో పిడికెడై యున్న మనవంటి భాషాల్పసంఖ్యాకులకు ఆ చట్టము కంఠస్థము చేయదగినది.

ఏడాది తిరిగినది. 1919 ఫిబ్రవరి 15వ తేదిని ప్రొస్కురివ్ పట్టణములో, ముందు రాత్రి బోల్షివిక్కుల తిరుగుబాటు విఫలమైనదన్న సాకుతో, ఉక్రేనియను ప్రభుత్వపు సేనానాయకుడు సెమొసెంకో యూదుల వాడమీదికి సైనికులను తోలెను. కొన్ని గంటలలో దాదాపు 1,500 మంది హతులైరి. తిరుగుబాటు చేసినవారు గుప్పెడు. చచ్చినవారు ముసలివారు, స్త్రీలు, పసివారు. ఇటువంటివి ఆ రెండు మూడేండ్లలో వందలాది ఊళ్లలో జరిగినవి. చేసినవారు ఒక్క పక్షమువారు కారు: ఉక్రేనియను సైనికులు, ఏ ప్రభుత్వమునకును లొంగని ఊరి దండనాయకులు, డెనికిన్ శ్వేతసేన, కొన్నిచోట్ల ఎర్రసేన దళములు. మృతులు 50 వేలని, లక్షయని, అంతకు పైనని చరిత్రకారులు వాదులాడుచున్నారు.

యూదునిమీదనే పగ యేల? పూర్వము పోలిష్ ప్రభువుల సారాదుకాణములను, మరలను గుత్తకు పట్టి నడపినవారిలో యూదులుండిరి. ప్రభువు దూరముగా కోటలో ఉండెను. పల్లెవానికి దినదినము కనబడినవాడు గుత్తదారు. నూటికి తొంబదిమంది యూదులు దర్జీలు, చెప్పులు కుట్టువారు, చిల్లర బేరగాండ్రు అయినను ఆ గుత్తదారు ముఖమే అందరి ముఖమైనది. నైజాములో పోలీసు అమీను ముఖము అటులే ఊరి దూదేకులవాని ముఖమైనది. దూదేకులవారి ఇంటి భాష చాలచోట్ల తెలుగే యన్నది మన ఊళ్లలోనే చూడవచ్చును. వారిని “తెలుగువారిపై దౌర్జన్యము చేసినవారు” అను గంపలో ఎట్లు వేయుదుము?

రెండు కథలు ఒక్కటే యనుట లేదు. ఉక్రేనియాలో యూదులకు రాజ్యము లేదు. హైదరాబాదులో ముసల్మానుల మతమువాడే రాజు, వారి పేరు చెప్పుకొని ఒక సేన ఊళ్లు కాల్చినది. భేదము పెద్దది. అయినను ఆ రెండు జాతుల జ్ఞాపకము నడచిన తీరు చూచినపుడు మనవారే గుర్తుకు వత్తురు. ఉక్రేనియను నాయకుడు పెట్ల్యూరాను 1926 మే 25వ తేదిని పారిస్ వీథిలో యూదుడైన ష్వార్జ్‌బార్డు కాల్చి చంపెను. తన వారి చావులకు ప్రతీకారమనెను. మరుసటి యేట ఫ్రెంచి జ్యూరీ అతనిని నిర్దోషియని విడిచెను. యూదులు ఆ తీర్పును న్యాయమనిరి, ఉక్రేనియనులు ఘోరమనిరి. పెట్ల్యూరా ఆ దౌర్జన్యములను నిషేధించుచు ఆజ్ఞలిచ్చెనని ఒకరు చూపుదురు. ఆ ఆజ్ఞలు జరుగవలసినది జరిగిపోయిన పిమ్మట వచ్చినవని ఇంకొకరు చూపుదురు. ఎవరి సగము వారిది. ఆ ప్రొస్కురివ్ పట్టణమునకు 1954లో ఖ్మెల్నిట్స్కీ యని పేరు మార్చిరి. 1648లో పోలిష్ దొరలపై తిరుగుబాటు నడపిన వీరుడాయన. ఆ తిరుగుబాటులోనే వేలకొలది యూదులు ఊచకోతకు గురియైరి. ఒకరి విమోచకుని పేరు ఇంకొకరి శ్మశానముపై వ్రాసినట్లయినది. పేర్లు మార్చు ఉత్సాహము మనకును తక్కువ లేదు గనుక ఈ మాట చెప్పితిని.

అయితే ఎల్లచోట్ల ఒకే రీతిగా జరుగలేదన్నది నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట. సుందరలాలు బృందము తన నివేదికలో, హిందువులు తమ ప్రాణములకు తెగించి పొరుగు ముసల్మానులను కాపాడిన ఉదాహరణములు పెక్కు విన్నామని వ్రాసినది. అందులోను ఒకే వృత్తివారిలో ఇది అధికముగా కనబడినదట. హిందూ నేతగాండ్రు ముస్లిం నేతగాండ్రను కాచిరట. మగ్గము ప్రక్కన మగ్గము వేసికొని, ఒకే సాహుకారు వద్ద నూలు అప్పు తెచ్చుకొన్నవానికి, ప్రక్కవాడు రజాకారో కాదో ఇంకొకడు వచ్చి చెప్పనక్కరలేదు. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో సంఘము బలముగా నున్న పల్లెలలో ముస్లిం పేదలపై పగ తీర్చుకొననీయక కాపాడితిమని పుచ్చలపల్లి సుందరయ్యగారు పోరాట చరిత్రలో వ్రాసిరి. ఆయన తన పక్షమును గురించి తాను వ్రాసికొన్న మాట గనుక కొంత తరుగు తీసియే చదువుదము. నల్లగొండ పేరు పై పట్టికలో ఉన్నది కదా. అయినను ఆ జిల్లాలకును, మరాఠ్వాడా, బీదరు, గుల్బర్గాలకును గల వ్యత్యాసము నివేదికలోని అంకెలలోనే కనబడుచున్నది. బందగీని తమవాడనుకొన్న ప్రాంతములో చేతులు కొంత ఆగినవి. ఇది నా అభిప్రాయము. ఒప్పుకొననివారు పత్రికకు వ్రాయుదురు గాక.

మన మైసూరు మాట యేమి? ఇక్కడ రాజు హిందువు, 1926 నుండి 1941 వరకు దివాను సర్ మిర్జా ఇస్మాయిల్. మనకు కూతవేటు దూరములోని విదురాశ్వత్థములో 1938 ఏప్రిల్ 25వ తేదిని పతాకమెత్తిన జనముపై పోలీసులు కాల్చిరి. మృతులు 10 మందియని ప్రభుత్వము, 30కి పైబడి యని ప్రజలు. కాల్పులు జరిపినది మిర్జాగారి ప్రభుత్వము. ఆ దినమును చూచిన మా పెద్దలు దివానును తిట్టగా విన్నాను, పోలీసులను తిట్టగా విన్నాను. మిర్జాగారి మతమును ఎత్తగా వినలేదు. కొలది దినములలోనే సర్దారు పటేలు వచ్చి దివానుతో ఒప్పందము చేసికొనిరి; పతాకము ఎగిరెను. ఆ మిర్జాగారే 1946లో హైదరాబాదు ప్రధానియై పోయి, ఇత్తెహాదువారి పోరు పడలేక మరుసటి సంవత్సరమున రాజీనామా ఇచ్చి వచ్చిరి. ఆ తరువాతనే లాయఖ్ అలీ, రజ్వీల కాలము. ఆయన నిలువగలిగి యుండిన సంస్థానపు చరిత్ర మరియొక దారి పట్టెడిదో యేమో, ఊహకు అంతులేదు. మైసూరులో 1947 అక్టోబరు నాటికే బాధ్యతాయుత ప్రభుత్వమునకు ఒప్పందమై, మన కోలారు సీమలోని క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డిగారు మొదటి ముఖ్యమంత్రులైరి. నెత్తురు చిందకుండ కాదు గాని, ఊళ్లు తగులబడకుండ జరిగినది.

మనము మంచివారము గనుక ఇట్లైనదని గొప్ప పోవలదు. 1928లో బెంగుళూరు సుల్తాన్‌పేటలో ఒక గణపతి విగ్రహము పేర కొట్లాటలైనవి. విచారణకు విశ్వేశ్వరయ్యగారిని కూర్చుండబెట్టవలసివచ్చెను. ఇక్కడ మంటకు కట్టెలు లేకపోలేదు. జమీనులు, జాగీర్లు అక్కడివలె లేకపోవుట ఒక కారణము. మన రైతు మల్బరీ తోట పెంచి, చంద్రికల నుండి గూళ్లు విడిపించి శిడ్లఘట్టకో చింతామణికో తీసికొనిపోయినపుడు, కొని నూలు తీయువారిలో పెక్కుమంది ముసల్మానులగుట ఇంకొకటి. గూటి ధర దగ్గర తగాదాలు వచ్చును, తూకము దగ్గర మాటలు పెరుగును. మరుసటి పంటకు మరల అదే అంగడి. మురుగమల్లలో దర్గాకు పోయినవారు ముక్తీశ్వరునికి దండము పెట్టి వచ్చుట, ఇటునుండి పోయినవారు దర్గాలో చక్కెర చదివించుట నేటికిని ఉన్నది.

“మన సభ భాష కొరకు, మనకీ మతముల గొడవ యేల?” అని కార్యవర్గములో ఒక మిత్రుడనెను. నా సమాధానమిది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు అసువులు బాసిన పిమ్మట ఆంధ్రరాష్ట్రము వచ్చినపుడు బళ్లారి ఎవరిదన్న వివాదము తెలుగు కన్నడముల నడుమ ఎంత వేడి పుట్టించినదో పాత కాగితములు చూచినవారికి తెలియును. 1953 అక్టోబరు 1వ తేదిని బళ్లారి తాలూకాలు మైసూరులో చేరినవి. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము అటు పోయినవి. ఆ దినములలో బాగేపల్లి తెలుగువానిని నిలదీసి, “మీవారు బళ్లారి అడుగుచున్నారు, నీవు జవాబు చెప్పుము” అని కన్నడ సోదరులు అడిగియుండవచ్చును. అడుగలేదు. ఇంటి పక్కనున్న తెలుగువాడు ఇంటి పక్కవాడుగానే ఉండెను. ఆ మేలును మూడవ వరుసలో కూర్చున్నవారికి మన సభ చేయలేకపోయినది. వేదికమీద ఉన్న నేను చేయలేకపోతిని.

అందుచేత నేను కార్యవర్గమువారికి వ్రాసి ఇచ్చిన కోరిక ఇది. రాబోవు సెప్టెంబరు సభలో హైదరాబాదుపై ఒక్క ఉపన్యాసమునకు బదులు రెండు ఉండవలెను. మొదటిది, ఎప్పటివలె, బైరాన్‌పల్లి వరకు. అందులో బందగీ, షోయబుల్లాఖానుల పేర్లు తప్పక రావలెను. రెండవది సెప్టెంబరు 18 నుండి. దీనిని క్రిందటిమారు మాటలాడిన పెద్దలనే అడిగితిని. మొదట వారు ఒప్పుకొనలేదు, “నెత్తురు మళ్లీ కెలకడం దేనికి?” అనిరి. మొదటి సగము చెప్పునపుడు కెలకబడని నెత్తురు రెండవ సగములో ఎట్లు కెలకబడునో తెలియలేదని నేనంటిని. నివేదిక ప్రతిని వారి ఇంట ఇచ్చి వచ్చితిని. పదిదినముల తరువాత కబురంపిరి: చదివినాను, రెండవ ఉపన్యాసము నీవే చేయుము, అధ్యక్షత నేను వహించెదను, అని.

ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇప్పుడు చిక్కబళ్లాపురములో కాలేజీలో చేరినాడు. వానికి జాబు వ్రాసితిని. శిడ్లఘట్ట గృహస్థుతో గూళ్ల మార్కెట్టులోనే చెప్పితిని, వారుకూడ రావలెనని. చేతిలోని గూళ్లను ఒకమారు ఊపి చూచి, బుట్టలో వేసి, “గూళ్లు ఎక్కువొచ్చే దినం పెట్టొద్దండి అయివారూ” అనిరి. తేది మార్చుటకు కార్యవర్గమునకు మరల వ్రాసితిని.